అమ్మకూడనిది తెలిసిన అంగడి

ఆదివాసీ కళ గురించి మన సాహిత్య పత్రికల్లో వచ్చే వ్యాసాలు సాధారణంగా రెండు దారుల్లో నడుస్తాయి. మొదటిది పరవశం. అడవి, అమాయకత్వం, ఆదిమ సౌందర్యం, చివర్లో ఇదంతా అంతరించిపోతోందని ఒక నిట్టూర్పు. రెండోది తీర్పు. కళ బజారుకెక్కింది, సరుకైపోయింది, ఇక దానిలో ప్రజల ఊపిరి లేదు అని. పైకి ఈ రెండూ ఒకదానితో ఒకటి కలబడుతున్నట్టు కనిపించినా ఒక్క దగ్గర రాజీపడతాయి. బొమ్మ వేసిన మనిషి ఆ సాయంత్రం ఏం తిన్నాడు, రంగులు ఎవరు కొనిపెట్టారు, చిట్టా పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలు రెండింటికీ పట్టవు.

నేనీ వ్యాసంలో ఒక అంగడి గురించి రాయదలచుకున్నాను. అంగడి గురించి సాహిత్య పత్రికలో ఎందుకని మిత్రులు అడగవచ్చు. వస్తువు, రూపం, దృక్పథం అంటూ మనం ఎన్నో చర్చలు చేశాం. రూపాన్ని నిర్ణయించే శక్తుల్లో అంగడి ఒకటని సూత్రరీత్యా ఒప్పుకుంటాం కూడా. కాని ఒప్పుకున్నాక దాని గుమ్మం తొక్కి చూడం. ఆస్ట్రేలియా మధ్య ఎడారిలోని ఆదివాసులు గత యాభై ఏళ్ళకు పైగా నడుపుతున్న కళాకేంద్రాల చరిత్ర చదివాక, ఆ గుమ్మం దాటనిదే వాళ్ళ బొమ్మల మీద ఒక్క మాట కూడా సరిగా చెప్పలేమని నాకు అనిపించింది.

ఆలిస్ స్ప్రింగ్స్ పట్నానికి వాయవ్యంగా సుమారు 240 కిలోమీటర్ల దూరంలో పాపున్య అనే ఊరు ఉంది. ఊరు అనడం మర్యాద కోసం. 1950ల చివర, 1960ల మొదట్లో ప్రభుత్వం కట్టిన మకాం అది. పింటుపి, లురిజ, వాల్పిరి, అన్‌మజిర, అరెంట మొదలైన వేరువేరు భాషల వాళ్ళను వాళ్ళ వాళ్ళ నేలల నుంచి తెచ్చి ఒకచోట చేర్చారు. తెల్లవాళ్ళ జీవన విధానంలో ఆదివాసుల్ని కరిగించివేయాలన్నది అప్పటి అధికార విధానం. ఆ కరిగించే కొలిమిలో పాపున్య ఒకటి.

ఈ ఊరికి బొమ్మలతో తొలి పరిచయం ఒక ఖైదీ ద్వారా జరిగిందనడం అతిశయోక్తి కాదు. అల్బర్ట్ నమజీర పేరు చాలామంది విని ఉండరు. హెర్మన్స్‌బర్గ్ మిషన్‌లో పుట్టి, నీటిరంగుల్లో మధ్య ఆస్ట్రేలియా కొండల్ని, తెల్లటి గమ్ చెట్లను చిత్రించి దేశమంతటా పేరు తెచ్చుకున్న అరెంట చిత్రకారుడు. 1957లో ప్రభుత్వం ఆయనకీ ఆయన భార్యకీ పౌరసత్వపు హక్కులు 'ప్రసాదించింది'. పిల్లలకు ఇవ్వలేదు, బంధువులకు ఇవ్వలేదు. పౌరుడు కనుక ఆయన మద్యం కొనుక్కోవచ్చు. పౌరులు కాని తనవాళ్ళతో పంచుకుంటే మాత్రం నేరం. ఉన్నదేదైనా పంచుకోవడం ధర్మమైన సమాజంలో పుట్టిన మనిషికి ఇంతకంటె క్రూరమైన ఉచ్చు ఎవరు పన్నగలరు? 1958లో కేసు పెట్టారు. 1959లో ఆయన శిక్ష అనుభవించింది పాపున్యలోనే. ఆ ఏడాది ఆగస్టులోనే చనిపోయాడు. ఆయన బొమ్మల కథ అక్కడితో ముగియలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

1971లో ఈ పాపున్యకు జెఫ్రీ బార్డన్ అనే యువకుడు బడిపంతులుగా వచ్చాడు. నేనూ బడిపంతుల్నే కనుక ఈ ఘట్టం నన్ను కాస్త ఎక్కువగా ఆకర్షించింది. పిల్లలు బయట ఇసుకలో వేళ్ళతో గీసుకునే వలయాలు, గీతలు, లోపల తరగతిలో వేసే 'కౌబాయ్' బొమ్మలకంటె వేరుగా ఉండడం ఆయన గమనించాడు. బడి గోడ మీద బొమ్మ వేయించాలనుకున్నాడు. ఆ పనిలోకి దిగింది పిల్లలు కాదు, పెద్దవాళ్ళు. ఆ నేలకు చెందిన తేనెచీమ గాథను గోడ మీదికి ఎక్కించారు. ఎవరికి ఆ గాథ మీద హక్కు ఉందో వాళ్ళ అనుమతితోనే ఎక్కించారు. మొదట చీమల్ని తెల్లవాళ్ళ పుస్తకాల్లోలాగా కాళ్ళతో, కొమ్ములతో గీస్తే, ఇవి మీ చీమలేనా అని బార్డన్ అడిగాడనీ, అప్పుడు వాటిని చెరిపి తమ సంకేతాలతో మళ్ళీ వేశారనీ ఆయనే రాసుకున్నాడు. ఈ సంఘటనను చాలామంది ఒక మహోదయంలా వర్ణిస్తారు. నాకు మాత్రం అందులో ఒక చిన్న ముల్లు కనిపిస్తుంది. ఏది 'మీది' అని నిర్ణయించే ప్రశ్న మళ్ళీ ఒక తెల్ల ఉపాధ్యాయుడి నోటినుంచే రావలసివచ్చింది. ఆ ప్రశ్న మంచి మనసుతో వేసిందే, మంచి ఫలితమే ఇచ్చింది. అయినా బయటివాడి అభిరుచి తొలి గోడ మీదే చెయ్యి వేసిందన్న సంగతి మరిచిపోకూడదు.

ఆ ఏడాదే ఆలిస్ స్ప్రింగ్స్‌లో జరిగిన కాల్టెక్స్ పోటీలో కాప జంపిజింప మొదటి బహుమతి పంచుకున్నాడు. 1972లో చిత్రకారులు 'పాపున్య తుల ఆర్టిస్ట్స్' అనే కంపెనీ పెట్టుకున్నారు. పాలనాధికారులతో తగాదాపడి, ఆరోగ్యం చెడి బార్డన్ ఆ ఏడే వెళ్ళిపోయాడు. 1974లో గోడ మీది బొమ్మకు అధికారులు సున్నం వేయించారు. గోడ పోయింది, కంపెనీ మిగిలింది. గోడ మీది బొమ్మ బడిది, బడి ప్రభుత్వానిది. కంపెనీ మాత్రం బొమ్మలు వేసేవాళ్ళది. అధికారం ఒక్క సున్నపు బకెట్టుతో తుడిచేయలేని చోటు ఒకటి వాళ్ళు సంపాదించుకున్నారు.

ఇక్కడే మన చర్చకు ప్రాణమైన విషయం ఉంది. తొలి రోజుల్లో చిన్న చిన్న చెక్కముక్కల మీద వేసిన బొమ్మల్లో పవిత్ర వస్తువులు, దీక్ష పొందిన మగవాళ్ళు మాత్రమే చూడదగ్గ గుర్తులు బాహాటంగా కనిపించాయి. వాటిని పట్నంలో ప్రదర్శనకు పెడితే ఇతర ఆదివాసీ సమూహాలు తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి. చూడకూడనివాళ్ళు చూస్తున్నారన్నది వాళ్ళ ఆగ్రహం. చిత్రకారులు ఆలోచించుకున్నారు. బొమ్మలు వేయడం మానలేదు, అమ్మడం మానలేదు. చెప్పకూడని గుర్తుల్ని తీసివేశారు. మిగిలినచోట చుక్కల మీద చుక్కలు పరిచారు. ఇవాళ ప్రపంచమంతా ఆస్ట్రేలియా ఆదివాసీ కళ అనగానే గుర్తుపట్టే ఆ చుక్కల తెర అంత దట్టంగా అల్లుకోవడానికి ఒక ముఖ్య కారణం దాచిపెట్టవలసిన అవసరమేనని ఆ కళను చదివినవారు చెబుతారు.

ఈ ఒక్క సంగతి మన రెండు రకాల వ్యాసాలనూ పూర్వపక్షం చేస్తుంది. బజారు రూపాన్ని మార్చింది, నిజమే. సరుకువాదులు చెప్పింది ఇంతవరకు ఒప్పు. అయితే మార్చిన దిశ ఏది? కొనేవాడికి ఇంకా ఎక్కువ చూపించే దిశలో కాదు, తక్కువ చూపించే దిశలో. కొనేవాడు గోడకు తగిలించుకుని మురిసిపోయే అందమే అతనికీ అర్థానికీ మధ్య వేసిన తెర. కళ అమ్ముడుపోయింది గాని కీలకమైనది అమ్ముడుపోలేదు. ఇది ఏ ఒక్క చిత్రకారుడి చమత్కారమో అయితే నేనింత ప్రాముఖ్యం ఇవ్వను. అమ్మేది ఏది, అమ్మకూడనిది ఏది అన్న నిర్ణయం వేసేవాళ్ళ చేతిలోనే ఉండగల ఏర్పాటు ఒకటి ఉండబట్టి అది సాధ్యమైంది. నా దృష్టిలో ఆ కంపెనీ మొదటి సృష్టి ఆ ఏర్పాటే. బొమ్మలు ఆ తర్వాతివి.

ఆ నిర్ణయం ఇతరుల చేతిలో పడితే ఏమవుతుందో చూద్దాం. 1966 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా పౌండ్లు వదిలి డాలర్లలోకి మారింది. కొత్త ఒక డాలరు నోటు మీద ఆర్నెమ్ ల్యాండ్‌కు చెందిన డేవిడ్ మలంగి చెట్టు బెరడు మీద వేసిన బొమ్మ అచ్చయింది. ఆయన్ని ఎవరూ అడగలేదు. వేసినవాడు బతికే ఉన్నాడన్న ఆలోచన కూడా అచ్చువేసినవాళ్ళకు వచ్చినట్టు లేదు. సంగతి బయటపడ్డాక రిజర్వు బ్యాంకు ఆయనకు వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను ఇచ్చింది. దేశం చెలామణీ చేసుకున్న ప్రతి ఒక్క డాలరు నోటు మీదా ఆయన వంశపు మరణగాథ ఉంది. దానికి ఖరీదు గాలమూ తాడూ!

నమజీర కథ ఇంకా చేదుగా ఉంటుంది. ఆయన బతికుండగానే 1957లో తన బొమ్మల్ని అచ్చువేసుకునే హక్కును రాయల్టీ పద్ధతి మీద ఒక ప్రచురణ సంస్థకు ఇచ్చాడు. చనిపోయాక ఆస్తి వ్యవహారాలు ప్రభుత్వ ట్రస్టీ చేతికి వెళ్ళాయి. 1983లో ఆ ప్రభుత్వ ట్రస్టీ కుటుంబాన్ని సంప్రదించకుండా కాపీరైటు మొత్తాన్ని 8,500 డాలర్లకు అదే సంస్థకు అమ్మేశాడు. అప్పటినుంచి మనవలు, మునిమనవలు తమ తాత బొమ్మ ఒక పుస్తకంలో వేసుకోవాలన్నా ఇతరుల అనుమతి అడగాలి. దీర్ఘకాలం పోరాడితే 2017లో హక్కు నమజీర వారసత్వ ట్రస్టుకు తిరిగి వచ్చింది. మనిషి చనిపోయి డెబ్భై ఏళ్ళు కాగానే కాపీరైటు గడువు ముగుస్తుంది. అంటే 2029తో సరి. అరవై ఏళ్ళ దగ్గర దగ్గర పరాయి చేతుల్లో ఉన్న హక్కు పన్నెండేళ్ళపాటు ఇంటికి వచ్చింది.

తివాచీల వ్యవహారం క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాను. ఆదివాసీ చిత్రకారుల బొమ్మల్ని కాపీకొట్టి వియత్నాంలో తివాచీలు నేయించి ఒక పెర్త్ కంపెనీ ఆస్ట్రేలియాలో అమ్మింది. 1994లో ఫెడరల్ కోర్టు 1,88,640 డాలర్ల పరిహారం విధించింది. పవిత్రమైన నీటిగుంట బొమ్మ మీద ఎవరో చెప్పులతో నడిస్తే వేసినవాళ్ళకు తమ సమాజంలో కలిగే అవమానాన్ని కూడా నష్టంగా లెక్కగట్టడం ఆ తీర్పులో కొత్తదనం. కంపెనీ దివాలా తీసింది. తీర్పు న్యాయశాస్త్ర విద్యార్థులకు మిగిలింది.

ఇప్పుడు అంగడి లోపలికి వెళదాం. పాపున్య తుల పేరుకి ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. వాటాదారులూ, డైరెక్టర్లూ పడమటి ఎడారి ఆదివాసులే. దాని తర్వాత ఊరూరా పుట్టిన కేంద్రాలు ఎక్కువ భాగం లాభాపేక్ష లేని ఆదివాసీ కార్పొరేషన్లు. 1976లో ఈశాన్య ఆర్నెమ్ ల్యాండ్‌లోని యిర్కలలో యోల్ఙు కళాకారులు మొదలుపెట్టిన బుకు-లార్ంగయ్, 1985లో యుయెన్డుములో వాల్పిరి ప్రజలు పెట్టుకున్న వార్లుకుర్లంగు అటువంటివి. ఇంకా పాతది ఎర్నబెల్లలో 1948లో మిషన్ నీడన ఉన్ని పనితో మొదలై ఇప్పటికీ సాగుతోంది. 1995లో ఎడారి స్త్రీల మండలి ప్రారంభించిన జాన్పి నేతగత్తెల సంస్థకు అసలు భవనమే ప్రధానం కాదు. వాన్ వేసుకుని ఊళ్ళు తిరుగుతారు, ఆడవాళ్ళు అడవి గడ్డితో అల్లిన బుట్టల్ని, బొమ్మల్ని అక్కడికక్కడే కొంటారు. వీళ్ళు 2005లో గడ్డితో నిండు సైజు టయోటా బండిని అల్లి జాతీయ ఆదివాసీ కళా పురస్కారం గెలిచారు. ఎడారి ఊళ్ళలో టయోటా లేనిదే శవం కూడా కదలదు కనుక ఆ ఎంపికలో నవ్వుతోపాటు నిజం కూడా ఉంది.

పని జరిగే తీరు ఇది. సభ్యులు తమలోనుంచి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. డైరెక్టర్లు ఒక మేనేజరును జీతానికి పెట్టుకుంటారు. ఇతను చాలాచోట్ల పట్నం నుంచి వచ్చిన తెల్లవాడే. కేంద్రం కాన్వాసు, రంగులు ఇస్తుంది. బొమ్మ పూర్తయ్యాక దాని గాథ ఎంతవరకు చెప్పవచ్చో అంతవరకు రాసుకుని, నంబరు వేసి, ధృవపత్రం జతచేస్తుంది. అమ్మకం ధరలో సుమారు సగం నుంచి అరవై శాతం దాకా కళాకారుడికి పోతుంది. మిగిలినది కేంద్రానిది. అందులోనే రంగులు, రవాణా, జీతాలు, కరెంటు. పట్నం గ్యాలరీ ద్వారా అమ్మితే ముందుగా దాని కమిషను తరిగిపోతుంది. ఏడాది చివర ఏమైనా మిగిలితే పంచుకునే లాభం కాదది. నేలకు వెళ్ళి రావడానికి బండి ఖర్చు, కర్మకాండలకు సాయం, పిల్లలకు పాటలు నేర్పే యాత్రలు, వృద్ధులకు భోజనం. లాభాపేక్ష లేకపోవడమంటే లెక్క లేకపోవడం కాదు. ధర్మసత్రం వేరు, ఇది వేరు. లెక్క గట్టిగా లేని కేంద్రాలు మూతపడ్డాయి, ప్రభుత్వ నిర్వాహకుల చేతుల్లోకి వెళ్ళాయి.

ఒక చిన్న విషయం, చాలా పెద్ద విషయం. డబ్బు ఎప్పుడిస్తారు? బొమ్మ అమ్ముడయ్యాక ఇస్తామంటే ఆరు నెలలు పట్టవచ్చు. ఇంట్లో పొయ్యి ఆరు నెలలు ఆగదు. బొమ్మ చేతికి రాగానే ఇవ్వాలంటే కేంద్రానికి చేతిలో పెట్టుబడి ఉండాలి. ఈ సందులోనే దళారి దూరతాడు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో వీళ్ళను 'కార్పెట్ బ్యాగర్లు' అంటారు. ముసలి చిత్రకారుణ్ణో చిత్రకారిణినో మోటలు గదిలో కూర్చోబెట్టి, తిండి, కాసిన్ని నోట్లు, పాతకారు ఆశచూపి, రోజుల తరబడి బొమ్మలు వేయించుకుని పోయే వ్యాపారులు. 2007లో ఆస్ట్రేలియా సెనేట్ విచారణ సంఘానికి ఇటువంటి ఫిర్యాదులు అనేకం వచ్చాయి. ముందు బయానా ఇచ్చి మగ్గాన్నే కట్టేసుకునే షావుకారు మన చేనేతలో ఎరగనివాడు కాడు. కనుక ఈ పద్ధతిని తెలుగు పాఠకులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. సహకార సంఘం బలంగా ఉన్నచోట షావుకారు వెనక్కి తగ్గుతాడు, అది కునికినచోట ముందుకొస్తాడు. ఎడారిలోనూ అంతే. యుటోపియా ప్రాంతపు మహాచిత్రకారిణి ఎమిలీ కామ్ ఙ్వారేయ్ డెబ్భై దాటాక కాన్వాసు పట్టి, 1996లో చనిపోయేదాకా ఎనిమిదేళ్ళలో వేల బొమ్మలు వేసింది. ఒక బలమైన కేంద్రం అండ లేక ఎందరో వ్యాపారుల చుట్టూ తిరిగిన శ్రమ అది. ఆమె బొమ్మ ఒకటి 2007లో పది లక్షల డాలర్లు దాటింది. ఆమె నేల మీద ఉన్న ఊళ్ళు పేదవిగానే ఉన్నాయి.

ఇక 'నిలదొక్కుకోవడం' అన్న మాట దగ్గరికి వస్తాను. ప్రభుత్వ నివేదికల్లో ఈ మాట తరచు వినిపిస్తుంది. కళాకేంద్రాలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలి, గ్రాంట్లు తగ్గాలి, వ్యాపారంగా రుజువు కావాలి. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఆ మాట అనేవాడు ఎవరు? 2007 జూన్, జూలై నెలల్ని ఒకచోట పెట్టి చూడండి. జూన్‌లో సెనేట్ సంఘం ఆదివాసీ కళను కాపాడాలంటూ నివేదిక ఇచ్చింది. అదే జూన్ 21న కేంద్ర ప్రభుత్వం నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ ఊళ్ళ మీద అత్యవసర జోక్యం ప్రకటించి, జాతి వివక్ష చట్టాన్ని పక్కన పెట్టి, ఊళ్ళను ఐదేళ్ళ బలవంతపు లీజుల కిందికి తెచ్చి, ప్రజల భృతిలో సగం ఎలా ఖర్చుపెట్టుకోవాలో కూడా తానే నిర్ణయించింది. జూలైలో మెల్బోర్న్‌లో క్లిఫర్డ్ పోసమ్ జపల్జారి వేసిన 'వార్లుగులోంగ్' అనే బొమ్మ వేలంలో 24 లక్షల డాలర్లకు పోయింది. 1977లో ఒక బ్యాంకు దాన్ని 1,200 డాలర్లకు కొని తన శిక్షణ కేంద్రపు భోజనశాలలో తగిలించుకుంది. 1996లో 36,000కు అమ్మింది. ఈసారి కొన్నది జాతీయ చిత్రశాల. అంటే రెండు నెలల్లోపల అదే రాజ్యం ఆ ప్రజల బొమ్మను జాతి సంపదగా కొన్నది, ఆ ప్రజల చేతిలో సొంత భృతి కూడా ఉండకూడదన్నది. ఇటువంటి రాజ్యం మీరు నిలదొక్కుకోండి అంటుంటే, ఏ నేల మీద అని తిరిగి అడగాలి కదా!

వ్యాపార దృష్టితో చూసినా ఆ మాటలో లోపం ఉంది. కేంద్రం అదుపులో లేని కారణాలు దాని చిట్టాను తలకిందులు చేస్తాయి. 2008 ఆర్థిక సంక్షోభంతో కొనుగోళ్ళు పడిపోయాయి. 2011లో పింఛను నిధులతో కళాఖండాలు కొనే నియమాల్ని బిగించగానే ధనికులు బొమ్మలు కొనడం ఇంకా తగ్గించారు. ఎడారిలో కూర్చుని గడ్డి అల్లే ముసలమ్మ ఆదాయం సిడ్నీ వైద్యుడి పింఛను నిబంధన మీద ఆధారపడి ఉందన్నమాట. దీనికి తోడు నకిలీ సరుకు. ఉత్పాదకతా కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019–20లో ఆదివాసీ దృశ్యకళలు, చేతిపనుల పేరిట జరిగిన అమ్మకాలు 25 కోట్ల డాలర్ల దాకా ఉన్నాయి. అందులో కళాకేంద్రాల ద్వారా అమ్మిన బొమ్మల విలువ సుమారు 3 కోట్లు. యాత్రికులు కొనే జ్ఞాపికల్లో సగానికి పైగా ఆదివాసులకు సంబంధం లేనివి. ఇండోనేషియాలో చేయించిన బూమరాంగులు మొదలైనవాటిని ఆదివాసీ చేతిపనిగా అమ్మిన ఒక కంపెనీకి 2019లో కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే ఆ కంపెనీ మూసివేతలో ఉంది. తివాచీల కథే మళ్ళీ.

కాబట్టి నిలకడను ఏ కొలతతో కొలవాలి? నా జవాబు కింటోర్‌లో ఉంది.

1981 ప్రాంతంలో పింటుపి ప్రజలు పాపున్య విడిచి పడమరగా, ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఐదు వందల కిలోమీటర్ల పైబడిన దూరంలో తమ సొంత నేలకు తిరిగి వెళ్ళి కింటోర్ ఊరు నిలబెట్టుకున్నారు. ఇంకా పడమర కివిర్కుర. కంపెనీ కూడా వాళ్ళ వెనకే నడిచింది. (దీని ఫలితంగా పాపున్య పేరు పెట్టుకున్న కంపెనీ ఉండగా పాపున్యలో బొమ్మలు వేసుకునే చోటు కరువైంది. 2007 ప్రాంతంలో అక్కడివాళ్ళు 'పాపున్య జుపి' అని వేరే కేంద్రం పెట్టుకోవలసివచ్చింది. చరిత్ర ఎవరికీ పూర్తిగా న్యాయం చేయదు.) ఇళ్ళకు తిరిగివచ్చిన వాళ్ళను మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. మకాముల్లో అలవాటు చేసిన పిండి, పంచదార, కిక్కిరిసిన ఇళ్ళు, అంటురోగాలు కలిసి తెచ్చిన జబ్బు. డయాలిసిస్ ఆలిస్ స్ప్రింగ్స్‌లో తప్ప లేదు. వారానికి మూడుసార్లు యంత్రానికి కట్టుబడాలి కనుక రోగి శాశ్వతంగా పట్నంలో ఉండిపోవాలి. వెళ్ళేది పెద్దవాళ్ళు. అంటే పాటలు తెలిసినవాళ్ళు, ఏ గాథ ఎవరిదో చెప్పగలవాళ్ళు. వాళ్ళు పట్నపు ఎండిన నది ఒడ్డున దిగులుతో చనిపోతుంటే ఊళ్ళో పిల్లలకు నేర్పేవాళ్ళు లేరు.

2000 సంవత్సరంలో కింటోర్, కివిర్కుర చిత్రకారులు నాలుగు పెద్ద కాన్వాసులు వేశారు. ఒక్కొక్క ఊరి మగవాళ్ళు ఒకటి, ఆడవాళ్ళు ఒకటి, అందరూ కలిసి కూర్చుని. వాటితోపాటు మరికొన్ని కృతులను సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ చిత్రశాలలో వేలం వేస్తే పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ డబ్బుతో సొంత సంస్థ పెట్టి, 2004లో కింటోర్‌లోనే డయాలిసిస్ మొదలుపెట్టారు. ఎడారి మధ్య అది అసాధ్యమన్న నిపుణుల మాట చెల్లలేదు. తర్వాత ఆ సంస్థ 'పర్పుల్ హౌస్' పేరుతో ఇతర ఊళ్ళకు విస్తరించింది. యంత్రాలు బిగించిన లారీ కూడా తిప్పుతోంది. ఊళ్ళలో జరిగే డయాలిసిస్‌కు జాతీయ ఆరోగ్య బీమా కింద ప్రత్యేకంగా చెల్లించడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 2018లో.

ఈ ఘట్టాన్ని విజయగాథగా మాత్రమే చదవడం నాకు ఇష్టం లేదు. మిగతా పౌరులకు హక్కుగా అందే వైద్యం కోసం ఈ ప్రజలు తమ నేల బొమ్మను వేలం వేసుకోవలసివచ్చింది. సంపన్న దేశానికి ఇది సిగ్గు. అయినా మరో వైపు కూడా చూడాలి. ఆ నాలుగు బొమ్మల్లో ఉన్నది ఆ నేలే. ఆ నేల మీద తమ హక్కును, జ్ఞానాన్ని బొమ్మగా వేసి, చెప్పకూడనిది చెప్పకుండా, అమ్మగా వచ్చిన డబ్బుతో ఆ నేల మీదే బతికే అవకాశం కొనుక్కున్నారు. బొమ్మ పోయింది, నేల మిగిలింది, నేల గురించి చెప్పగల మనిషి మిగిలాడు. రేపు ఇంకో బొమ్మ వేయగలడు. ఈ కేంద్రాల నిలకడ ఆస్తి అప్పుల పట్టీలో కనిపించేది కాదు. గ్రాంటు తీసుకునే కేంద్రాన్ని బిచ్చగత్తెలా చూసే అధికారి తన చిట్టాలో ఈ జమను ఏ పద్దు కింద రాస్తాడు?

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒక్కొక్క కేంద్రం రాబడిలో పెద్ద భాగం ఇద్దరు ముగ్గురు ముసలి చిత్రకారుల మీద ఆధారపడి ఉంటుంది. వాళ్ళు కన్నుమూస్తే కేంద్రం కుంటుతుంది. మేనేజరు రెండేళ్ళకో మూడేళ్ళకో అలసిపోయి వెళ్ళిపోతాడు. అతనితోపాటు కొనుగోలుదార్ల పరిచయాలూ పోతాయి. డైరెక్టర్లు ఆదివాసులే అయినా కంప్యూటరు, బ్యాంకు, ఇంగ్లీషు నివేదిక ఇతరుల చేతిలో ఉన్నంతకాలం యాజమాన్యం ఎంతవరకు నిజం అన్న ప్రశ్న నిలిచే ఉంటుంది. 2023లో దక్షిణ ఆస్ట్రేలియా ఎడారి కేంద్రాల సమాఖ్య ఒకదాని మీద, తెల్ల సిబ్బంది బొమ్మల మీద చెయ్యి వేస్తున్నారని పత్రికల్లో ఆరోపణలు వచ్చాయి. జాతీయ చిత్రశాల వేయించిన సమీక్ష తాము ప్రదర్శించబోతున్న బొమ్మలు కళాకారులవేనని తేల్చింది. ఆరోపణ తేలిపోయినా అది పుట్టిన వాతావరణాన్ని నేను తేలిగ్గా తీసుకోను. బార్డన్ చీమల గురించి అడిగిన ప్రశ్న ఇంకా ఆ గదుల్లో తిరుగుతూనే ఉంది. దీనికి మందు కేంద్రాలను మూయడం కాదు. ఊరి పిల్లలే చిట్టా రాసేటట్టు చేయడం. ఈ దిశగా కొన్నిచోట్ల శిక్షణ జరుగుతోంది గాని శిక్షణకు డబ్బిచ్చేవాళ్ళు తక్కువ.

చట్టం కొంత కదిలింది. బొమ్మ తిరిగి అమ్ముడైనప్పుడల్లా వేసినవాళ్ళకు, లేదా వారసులకు, ధరలో ఐదు శాతం ఇవ్వాలన్న చట్టం 2009లో వచ్చి 2010 జూన్ 9 నుంచి అమలైంది. అయితే ఆ తేదీకి ముందే కొని ఉంచుకున్న బొమ్మను మొదటిసారి అమ్మినప్పుడు ఇది వర్తించదు. గొప్ప బొమ్మలన్నీ అప్పటికే సేకర్తల ఇళ్ళలో ఉన్నాయి. 'వార్లుగులోంగ్' అమ్మకం 2007లో కాబట్టి 24 లక్షల్లో ఐదు శాతం, అంటే లక్షా ఇరవై వేలు, జపల్జారి బిడ్డలకు రాలేదు. ఆయన 2002లోనే పోయాడు.

అసలు చిక్కు ఇంకా లోతున ఉంది. చట్టానికి కనిపించే కర్త ఒక్కడు. అతను చచ్చిన డెబ్భై ఏళ్ళకు హక్కు చస్తుంది. నీటిగుంట గాథకు కర్త ఎవరు? 1998లో జానీ బులున్ బులున్ అనే చిత్రకారుడి బొమ్మను బట్టల మీద అచ్చువేసిన కేసులో, గనల్బింగు ప్రజల తరఫున ఒక పెద్ద, ఈ రూపం మా అందరిదీ అని వాదించాడు. కాపీరైటు సమూహానిది అని కోర్టు ఒప్పుకోలేదు. చిత్రకారుడికి మాత్రం తన ప్రజల పట్ల బాధ్యత ఉందనీ, ఆ రూపాన్ని వాళ్ళ ధర్మానికి విరుద్ధంగా వాడకూడదనీ అంగీకరించింది. ఎడారి అంగళ్ళు మొదటినుంచీ ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. ఈ గాథ వేసే హక్కు నీకు ఎవరిచ్చారు అన్న ప్రశ్నకు జవాబు లేని బొమ్మకు అక్కడ నంబరు పడదు. 2023 జనవరిలో ప్రకటించిన జాతీయ సాంస్కృతిక విధానంలో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆదివాసుల జ్ఞానాన్ని, కళారూపాలను కాపాడడానికి ప్రత్యేక చట్టం తెస్తామని మాట ఇచ్చింది. ఆ చట్టంలో కర్త అన్న మాటకు ఏం నిర్వచనం రాస్తారో, ఆ నిర్వచనం రాసే బల్ల దగ్గర కింటోర్ నుంచి, యిర్కల నుంచి ఎందరు కూర్చుంటారో చూడాలి.